ఓడలో తిక్క మనుషులతో నెట్టుకురావడం ఎలా: మొదటిసారి ఎక్కే వైజాగ్ కుర్రాళ్లకి

సీడీసీ, అంటే ఓడ ఉద్యోగికిచ్చే గుర్తింపు పుస్తకం, చేతికొచ్చింది, మెడికల్ అయింది, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నావు, గాజువాకలో చుట్టాలందరికీ స్వీట్లు కూడా పంచేశావు. ఇంకేం, ఫ్లైటెక్కడమే అనుకుంటున్నావు కదా. కొంచెం ఆగు తమ్ముడూ. మంటలార్పడం నేర్పారు, లైఫ్‌బోట్ దింపడం నేర్పారు, లైఫ్‌జాకెట్ వేసుకుని నీళ్లలోకి దూకడం నేర్పారు. ఇరవై ఇరవై రెండు మందితో ఒకే ఇనప ఇంట్లో నెలల తరబడి ఎలా బతకాలో మాత్రం ఏ కోర్సులోనూ చెప్పరు. సముద్రానికి పది రోజుల్లో అలవాటు పడిపోతావు, చీఫ్ కుక్‌కి అలవాటు పడాలంటే రెండు నెలలు పడుతుంది.

ఊళ్లో అయితే ఆఫీసులో ఎవడైనా బుర్ర తినేస్తే సాయంత్రం బండి తీసి ఆర్కే బీచ్‌కెళ్లి, మురీ మిక్చర్ పొట్లం ఒకటి తిని, వాణ్ణి నాలుగు తిట్టుకుని ఇంటికెళ్లిపోవచ్చు. ఓడలో పొద్దున్న బుర్ర తిన్నవాడే మధ్యాహ్నం నీ ఎదురుగా కూర్చుని పప్పు కలుపుకుంటాడు, రాత్రి గోడవతల గురక పెడతాడు, మర్నాడు రేవులో తాడు కట్టేటప్పుడు నీ కాళ్లూ చేతులూ వాడి జాగ్రత్త మీదే ఆధారపడి ఉంటాయి. అందుకని ఓడలో ఎవరితోనైనా మాటలు మానేయడం కుదరదు.

నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఈ మనిషి తిక్క వల్ల ఎవరి నిద్రయినా పోతోందా, ఎవరి ప్రాణం మీదికైనా వస్తోందా? రెండూ లేకపోతే వదిలెయ్, ఇంకా చెప్పాలంటే దానికి కాస్త చోటివ్వు, ఎందుకంటే ఇంటికి దూరంగా ఉన్నవాణ్ణి చాలాసార్లు నిలబెట్టేది ఆ తిక్కే. రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా అది తిక్క లెక్కలోకి రాదు, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఎక్కగానే చెయ్యాల్సిన పని నోరు మూసుకుని చూడ్డం. మెస్‌లో ఖాళీగా ఉంది కదా అని ఏ కుర్చీలో పడితే ఆ కుర్చీలో కూర్చోకు, ప్రతి కుర్చీకీ ఒక ఓనర్ ఉంటాడు, ఎక్కడా రాసి ఉండదు. గోడకి వేలాడే కప్పులూ అంతే. ఎవరు ఏ వాచ్‌లో, అంటే నాలుగేసి గంటల ఏ డ్యూటీలో, ఉన్నారో మొదటి రోజే బుర్రకెక్కించుకో: మామూలుగా పన్నెండు-నాలుగు సెకండ్ ఆఫీసర్‌ది, నాలుగు-ఎనిమిది చీఫ్ ఆఫీసర్‌ది, ఎనిమిది-పన్నెండు థర్డ్ ఆఫీసర్‌ది. పన్నెండు-నాలుగు వాచ్‌వాళ్లు తెల్లారి నాలుగింటికి దిగి పడుకుంటారు, నువ్వు ఎనిమిదింటికి వాళ్ల కేబిన్ నెత్తి మీద తుప్పు గొట్టడం మొదలుపెట్టావంటే ఎంత మంచివాడికైనా పిచ్చెక్కుతుంది. మనం తిక్క అనుకునేదాంట్లో సగం నిద్ర చాలకపోవడమే.

ఇంక కుక్ విషయం. ఇది శ్రద్ధగా చదువు.

పదిమందో అంతకన్నా ఎక్కువ మందో సిబ్బంది ఉండాల్సిన ఓడలో అర్హత ఉన్న కుక్ ఉండి తీరాలని ఎంఎల్‌సీ 2006 అనే అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. మా ఓడలో ఒక చీఫ్ కుక్ ఉండేవాడు, భీమిలి మనిషి, ఈ రూలు కంఠతా వచ్చు, తన సర్టిఫికెట్ జిరాక్స్‌ని లామినేషన్ చేయించి గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, స్టవ్ ఎదురుగా అంటించుకున్నాడు. వంట బ్రహ్మాండం. కానీ భోజనాలయ్యాక చెత్తబుట్ట దగ్గరే నిలబడేవాడు, ఎవరి పళ్లెంలో ఏం మిగిలిందో చూడ్డానికి. నువ్వు వంకాయ ముక్క పక్కన పెట్టావనుకో, మాట్లాడడు, నీ ముఖం చూస్తాడంతే. మర్నాడు మధ్యాహ్నం నీ కేబిన్ తలుపు కొట్టి, చెంచాడు వంకాయ కూర పట్టుకుని, “ఇప్పుడు తిని చెప్పండి సార్, ఏటి తక్కువైందో” అంటాడు. ఒకసారి బత్తీ సాబ్, అంటే మా ఎలక్ట్రికల్ ఆఫీసర్, అందరి ముందూ సాంబార్‌లో ఉప్పెక్కువైంది అన్నాడు. తర్వాత నాలుగు రోజులు ఆ ఓడలో దేంట్లోనూ ఉప్పు లేదు. కెప్టెన్ పళ్లెంలో కూడా లేదు. టేబుల్ మీద ఉప్పు డబ్బా పెట్టి, దాని పక్కన ఒక చెంచా, ఎవరి ఇష్టం వాళ్లది అన్నట్టు.

ఇలాంటివాడితో ఎలా ఉండాలంటే, ముందు నీ పళ్లెం నువ్వే గీకి కడిగి పెట్టు. ఫిర్యాదు ఉంటే మెస్‌లో నోరెత్తకు, కెప్టెన్ దగ్గరికి అసలే వెళ్లకు. మధ్యాహ్నం మూడింటికి, రాత్రి వంట మొదలెట్టక ముందు గ్యాలీలోకెళ్లి కత్తి తీసుకుని ఓ కిలో ఉల్లిపాయలు తరుగు. మాటలు వాటంతటవే వస్తాయి. అప్పుడు “మాస్టారూ, మా ఇంట్లో పప్పులో ఇంత పులుపు వెయ్యరు” అంటే చాలు, తక్కువ అనకు, ఎక్కువ అనకు, మా ఇంట్లో అను. మెచ్చుకుంటే దేన్ని మెచ్చుకుంటున్నావో పేరు పెట్టి చెప్పు, “అన్నీ బాగున్నాయి” అంటే వాడు నమ్మడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, గోంగూర సీసాలు నీ టేబుల్ మీద పెట్టుకుని తినకు, అది కుక్ ముఖం మీద కొట్టినట్టే. ఒక సీసా వాడి చేతికిచ్చి “మీ దగ్గరుంచండి” అను. మిగతాది ఎలా వాడాలో వాడికి తెలుసు.

కెప్టెన్ల తిక్క వేరే రకం, అది కాగితం మీద కనపడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు కెప్టెన్ నైట్ ఆర్డర్ బుక్‌లో వాచ్ ఆఫీసర్లకి సూచనలు రాస్తాడు, మనం చదివి సంతకం పెట్టాలి. మామూలువాళ్లు నాలుగు లైన్లు రాస్తారు: ఈ కోర్సు, ఇంత దూరంలో ఓడలుంటే జాగ్రత్త, అనుమానమొస్తే లేపండి. నేను చూసిన ఒకాయన పేజీన్నర రాసేవాడు, అందులో మూడో పేరా నుంచి వాతావరణం, వేదాంతం, ఉల్లిపాయల స్టాకు, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, అన్నీ. నవ్వొస్తుంది. నవ్వుకో, కానీ పూర్తిగా చదివి సంతకం పెట్టు, ఎందుకంటే ఉల్లిపాయల తర్వాత లైన్లోనే “రెండు గంటలకి చేపల పడవలు గుంపుగా ఉంటాయి, నన్ను లేపు” అని ఉంటుంది. ఆయన అలా రాసేది ఎవరు చదువుతున్నారో ఎవరు చదవకుండా గీకేస్తున్నారో పట్టుకోవడానికే అని నా అనుమానం. పొద్దున్న బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, మీదికొచ్చి “ఉల్లిపాయలెన్ని కేజీలు?” అని అడిగేవాడు మరి.

కింద ఇంజిన్ రూమ్‌లో బడా సాబ్, చీఫ్ ఇంజినీర్. ఇండియన్ సిబ్బంది ఉన్న ఓడల్లో ఈ సాబ్‌లు ఇప్పటికీ నడుస్తాయి, థర్డ్ ఇంజినీర్ తీన్ సాబ్, ఫోర్త్ చార్ సాబ్. మా బడా సాబ్ ఒకాయన మూడు జనరేటర్లకీ పేర్లు పెట్టుకున్నాడు, మూడోదానికి వాళ్ల అత్తగారి పేరు, స్టార్ట్ అవ్వడానికి గొడవ చేస్తుందని. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని, వీణ శ్రుతి చూసే మనిషిలా నిలబడేవాడు. కొత్త కుర్రాళ్లు వెనక నుంచి నవ్వేవారు. మిషన్ లోపల చప్పుడు వినడానికి అది పాత ఇంజినీర్లందరూ వాడే పద్ధతే, బేరింగ్ పోబోతోందని అలారం మోగక ముందే ఆయన చెప్పేసేవాడు. కాబట్టి ఎవడైనా వింత పని చేస్తుంటే నవ్వే ముందు పక్కన నిలబడి చూడు, పని ఉన్న వింతా, పని లేని వింతా అని. ఆయన కళ్లు తెరిచేదాకా మాట్లాడకు, అడిగితే స్క్రూడ్రైవర్ నీ చెవికి కూడా పెడతాడు.

మల్కాపురం ఫిట్టర్ ఒకడుండేవాడు, వాళ్ల తాత షిప్‌యార్డులో పనిచేశాడట. స్వతంత్రం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జలఉష మన సింధియా యార్డులోంచే కదా నీళ్లలోకి దిగింది, 1948 మార్చిలో, నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. అంతే, ఇంక ఈయనకి ప్రపంచంలో ఏ ఓడా ఆనదు. కొరియాలో కట్టిన కొత్త బల్క్ క్యారియర్ ఎక్కి, వేలితో వెల్డింగ్ తడిమి, “ఏటి బావూ ఇది, దీన్నీ ఓడంటారేటి?” అనేవాడు. వాదించొద్దు. “మీ తాతగారు ఏ పని చేసేవారు మావయ్యా?” అని అడిగావంటే రెండు గంటలు చెబుతాడు, పైగా నీకు వెల్డింగ్ కూడా నేర్పుతాడు. నేను నేర్చుకున్న వెల్డింగంతా ఆ కథల మధ్యలో నేర్చుకున్నదే.

కొత్తవాళ్ల మీద జోకులు వేస్తారు, సిద్ధంగా ఉండు. స్టార్‌బోర్డ్, అంటే ఓడ కుడి పక్క, లైటు ఆకుపచ్చగా ఉంటుంది కదా, “ఇంజిన్ రూమ్‌కెళ్లి దానికి ఆకుపచ్చ నూనె పట్రా” అని సరంగు, అంటే డెక్ పనివాళ్ల మేస్త్రీ, పంపిస్తాడు. ఎడమచేతి స్పానర్ తెమ్మంటాడు, బకెట్‌లో ఆవిరి తెమ్మంటాడు. ఉక్రోషపడితే ఆర్నెల్లూ నీకు అదే పేరు. వెళ్లు, ఓ పావుగంట కేబిన్‌లో కూర్చో, తిరిగొచ్చి “స్టోర్‌లో అయిపోయిందన్నారు సరంగ్‌జీ, మీరు ఇండెంట్ పెట్టలేదట” అను. భూమధ్యరేఖ దాటేటప్పుడు సముద్ర దేవుడు నెప్ట్యూన్ పేరుతో దర్బారు పెట్టి ముఖానికి గ్రీజు పూయడం, గుండు గీసినంత పని చెయ్యడం కూడా పాత ఆచారం, బీగిల్ ఓడ మీద 1832లో డార్విన్‌కి కూడా తారూ రంగూ పూసి గెడ్డం గీశారు. దాటినట్టు సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని భద్రంగా పెట్టుకో, వేరే ఓడలో అది చూపించకపోతే మళ్లీ గ్రీజే. అయితే ఒంటికి దెబ్బ తగిలేది, ఊపిరాడనిది, బట్టలిప్పించేది ఏదైనా ఉంటే అది జోకు కాదు. గట్టిగా వద్దను, ఆగకపోతే కెప్టెన్‌కి చెప్పు.

బ్రిడ్జి మీద ఈల వెయ్యకు. గాలిని పిలిచినట్టని పాత సెయిలర్లు నమ్ముతారు, ఈలేసి ఏం సాధిస్తావు? శుక్రవారం బయల్దేరకూడదు అనే వాళ్లూ ఉంటారు, ఆ విషయంలో మాత్రం రేవువాళ్లు వినరు కాబట్టి ఏం ఫర్వాలేదు. గల్ఫ్ వైపు వెళ్తే అర్ధరాత్రి వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో ఎవడో కోతిలా అరుస్తాడు, ఇంకెవడో పాట పాడతాడు. అది ప్రమాద సంకేతాలకీ పిలుపులకీ ఉన్న ఛానెల్. విని ఊరుకో, తిరిగి అరవకు, ఎంత బోరు కొట్టినా సరే.

ప్రయాణికుల సంగతికొస్తే, సరుకు ఓడలో పన్నెండు మందికి మించి ప్రయాణికులుంటే అది ప్యాసింజర్ షిప్ కింద లెక్క, రూల్స్ అన్నీ మారిపోతాయి. అందుకని సరుకు ఓడలో నీకు కనపడేది కెప్టెన్‌గారి భార్యో, పిల్లలో, కంపెనీ మనిషో. మేడమ్ వంటగదిలోకి వచ్చి కుక్‌కి సలహాలిస్తే మధ్యలో నువ్వు దూరకు. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

అసలు ప్రయాణికుల్ని చూడాలంటే మన వైజాగ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే ఓడే. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మారింది గానీ, ఎక్కేవాళ్లంతా ఇప్పటికీ అండమాన్ అనే అంటారు. రెండున్నర మూడు రోజుల ప్రయాణం, బంక్ క్లాసు నిండా శ్రీకాకుళం, విజయనగరం, మన జిల్లా జనం, అక్కడ స్థిరపడ్డవాళ్లు, పెళ్లిళ్లకి వచ్చి వెళ్లేవాళ్లు. థర్డ్ ఆఫీసర్‌గా ఆ రూట్లో కొన్నాళ్లు చేశాను, మనిషిని మాటతో ఒప్పించడం నేర్చుకున్నది అక్కడే. వైజాగ్ రేవు ఛానెల్, అంటే ఓడలు వచ్చిపోయే దారి, దాటేటప్పుడు ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, రెండోవైపు మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. జనం మూడింటికీ దణ్ణం పెడతారు, ఏ మతం వాళ్లైనా సరే. దాని కోసం అందరూ ఒక్కసారే ఒక పక్క రెయిలింగ్ మీదికి ఎగబడతారు, అప్పుడే పిల్లలు జారేది. “కూర్చోండి కూర్చోండి” అని అరిస్తే ఎవరూ వినరు. “అమ్మా, పిల్లల్ని ఎత్తుకుని దణ్ణం పెట్టించండి” అంటే విన్నారు.

ఒకసారి ఒక పెద్దావిడ బంక్ కింద సామాను సర్దుకుంటోంది. గోనెసంచీలోంచి పనసకాయ వచ్చింది, రెండు ఆవకాయ జాడీలు వచ్చాయి, తర్వాత చిన్న కిరోసిన్ స్టవ్వు, సీసాలో కిరోసిన్, అగ్గిపెట్టె. ఓడలో నిప్పంటే ఏమిటో ఆవిడకి తెలీదు.

“అమ్మా, ఇది ఇక్కడ వెలిగించకూడదమ్మా.”

“నేను బయట నీళ్లు కూడా ముట్టను బావూ. నా కాఫీ నేనే కాసుకోవాల.”

రూల్ చెప్పి సామాను లాక్కుంటే ఆవిడ మూడు రోజులూ ఏమీ తినకుండా పడుకుంటుంది, మధ్యలో డాక్టర్ని పిలవాల్సొస్తుంది. స్టవ్వూ కిరోసినూ నా పేరు మీద తీసుకుని చీటీ రాసిచ్చి, దిగేటప్పుడు ఇచ్చేస్తానని చెప్పాను. ప్యాంట్రీలో మరిగిన నీళ్లు ఆవిడ చెంబులోనే పట్టించాను, ఆవిడే వెళ్లి, ఆవిడే పట్టుకుని, పంపు ముందు కడిగి మరీ. కాఫీపొడి ఆవిడదే, చెంబు ఆవిడదే, నీళ్లు కళ్ల ముందు మరిగినవి, ఒప్పుకుంది. మడి మడిగానే ఉంది, మంట మాత్రం లేదు. మొదట చెప్పిన లెక్క ఇక్కడ ఎలా పనిచేసిందో చూశావు కదా, పట్టుదల ఆవిడకి వదిలెయ్, కిరోసిన్ నువ్వు తీసుకో.

ప్రతి ట్రిప్పులోనూ ఒక బాబాయి ఉంటాడు, తనని తాను ఓడకి ఇన్‌ఛార్జిగా వేసుకుంటాడు. స్పీడెంత, డీజిల్ ఎంత తాగుద్ది, డ్రైవర్ ఎక్కడ, ఫోన్ సిగ్నల్ వచ్చేచోట ఐదు నిమిషాలు ఆపొచ్చు కదా. విసుక్కోకుండా ఆయనకో పని అప్పజెప్పు. లైఫ్‌జాకెట్ డ్రిల్ అప్పుడు ఇంగ్లీషు, హిందీ అనౌన్స్‌మెంట్ ఎవరికీ ఎక్కదు, ఆయన తన భాషలో “ఒలే, ఈ తాడు ఇలా కట్టండే” అని ఒక్క కేకేస్తే బంక్ క్లాసంతా కట్టేస్తుంది. వాంతులయ్యేవాళ్లని ఓడ మధ్య భాగంలో, కింది డెక్‌లో పడుకోబెట్టు, లేవగలిగితే గాలి తగిలేచోట ఆకాశం నీళ్లు కలిసే గీత వైపు చూడమను, ఖాళీ కడుపుతో ఉంచకు, మరమరాలో బిస్కట్లో ఇవ్వు.

ఇప్పుడు వదిలెయ్యకూడనివి. ఒక చీఫ్ ఆఫీసర్ రాత్రి రెండింటికి క్యాడెట్లని, అంటే ట్రైనింగ్ కుర్రాళ్లని, లేపి డెక్ మీద షాకిల్స్, అంటే తాళ్లూ గొలుసులూ తగిలించే ఇనప కొక్కేలు, లెక్కపెట్టించేవాడు, పొద్దున్న మళ్లీ ఆరింటికి పని. మొదట్లో అందరూ కథలుగా చెప్పుకుని నవ్వారు. కానీ 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి, ఆ పది గంటల్ని రెండు ముక్కలకి మించి చెయ్యకూడదు, అందులో ఒక ముక్క కనీసం ఆరు గంటలుండాలి. నిద్రలేని క్యాడెట్ ఓడని రేవుకి కట్టే మూరింగ్ తాడు దగ్గర నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు జేబు డైరీలో నిజంగా పనిచేసిన గంటలు రాసుకో, రికార్డులో వేరేగా రాసి సంతకం పెట్టమంటే పెట్టకు, ముందు పైనున్న సెకండ్ ఆఫీసర్‌తో మాట్లాడు, తర్వాత కెప్టెన్‌తో. ఎంఎల్‌సీ ప్రకారం ఓడలోనే ఫిర్యాదు చేసే పద్ధతి ఉంటుంది, దాని కాపీ నీకివ్వాలి. కంపెనీలో డీపీఏ అని, ఓడ భద్రత సంగతులు ఒడ్డు నుంచి చూసే ఒకాయన ఉంటాడు, ఆయన నంబర్ ఓడలో అంటించి ఉంటుంది, ఎక్కిన రోజే ఫోటో తీసుకో.

తాగుడు కూడా అంతే. ఇప్పుడు చాలా కంపెనీల్లో చుక్క కూడా కుదరదు, అంతర్జాతీయంగా రక్తంలో 0.05 శాతం దాటకూడదు. తాగినప్పుడు మంచి కథలు చెప్పేవాడే వాచ్‌లో నీ పక్కన నిలబడేది.

అన్నిటికన్నా కష్టం తిక్క మానేసినవాడు. రోజూ జనరేటర్‌తో మాట్లాడేవాడు మాట్లాడటం మానేస్తే, ఉల్లిపాయల కెప్టెన్ రెండు లైన్లు రాసి ఊరుకుంటే, కుక్ చెత్తబుట్ట దగ్గర నిలబడకపోతే, అప్పుడు పట్టించుకో. 2020లో కోవిడ్ టైములో రిలీవర్లు, అంటే బదులు ఎక్కాల్సినవాళ్లు, రాక సుమారు నాలుగు లక్షల మంది ఓడల్లోనే చిక్కుకుపోయారు, కొంతమందికి ఏడాది దాటిపోయింది, అప్పుడు ఇలా మౌనంగా అయిపోయిన మనుషుల్ని చాలామంది చూశారు. తిండి మానేసినా, సామాన్లు పంచిపెడుతున్నా, రాత్రిపూట ఒంటరిగా రెయిలింగ్ దగ్గర నిలబడుతున్నా వాణ్ణి వదలకు, టీ పట్టుకెళ్లి పక్కన నిలబడు, సూటిగా అడుగు, ఆ రాత్రే కెప్టెన్‌కి చెప్పు. సీఫేరర్‌హెల్ప్ అని సెయిలర్ల కోసం 24 గంటలూ ఉచితంగా పనిచేసే హెల్ప్‌లైన్ ఉంది, నీ కోసమైనా వాడుకో.

దిగే రోజు నీ రిలీవర్‌కి హ్యాండింగ్ ఓవర్ నోట్స్ ఇస్తావు, పంపులు, తాళాలు, మిగిలిన పనులు, అన్నీ టైప్ చేసి. మనుషుల సంగతి అందులో రాయకు, నోటితో చెప్పు. ఏ కుర్చీ ఎవరిదో, కుక్‌తో ఉప్పు మాట ఎత్తకూడదని, నైట్ ఆర్డర్స్ చివరిదాకా చదవమని, ఎవరు ఈ మధ్య సరిగ్గా తినడం లేదో. గ్యాంగ్‌వే దగ్గర ఐదు నిమిషాలు చాలు. ఏజెంట్ వ్యాన్‌వాడు కింద హారన్ కొడుతూనే ఉంటాడు, కొట్టనీ.